లోవలక్ష్మి రాయని ఉత్తరం

పోయిన వారం లోవలక్ష్మిని ఏ.ఎస్. రావు నగర్‌లోని ఓ రక్తపరీక్షల సెంటర్లో, కౌంటర్ ముందు, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పదకొండింటికి ఇంటర్వ్యూకి రమ్మంటే పదింపావుకే వెళ్ళి కూర్చున్న మనిషి. ఇంటర్ మొదటి ఏడు మధ్యలో ఆగిపోయిన చదువు, నాలుగేళ్ళ కూతురు పూజిత, చిలకలగూడలో రెండు గదుల అద్దె వాటా, ఈ మధ్య అన్నం ముందు కూర్చుని కూడా ఎటో చూసే మొగుడు. ఇవన్నీ ఇంటి దగ్గర పెట్టి, ఒక్క ఉత్తరాన్ని నమ్ముకుని వచ్చింది. ఆ సెంటర్ చూసుకునే కాంతమణి ఫైలు తెరిచి, కళ్ళద్దాల పైనుంచి చూసి అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది.

"మీరే కదమ్మా, రాలేనని రాసిచ్చారు?"

లోవలక్ష్మికి ముందు ఆ మాట అర్థం కాలేదు. తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది కూడా. వెనక ఓ ముసలాయన మోచేతి మడతలో దూది నొక్కుకుని కూర్చున్నాడు, అంతే.

తాను రాయలేదంది. రాయడానికి కారణమే లేదంది. కాంతమణి వాదించలేదు. ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. మొదటిది లోవలక్ష్మిదే, నాలుగు సాయంత్రాలు కూర్చుని రాసింది. రెండోది కూడా గీతల కాగితమే, నీలం సిరానే, గుండ్రటి తెలుగు అక్షరాలే. బుధవారం నాడు తలుపు పక్కనున్న ఉత్తరాల పెట్టెలో ఎవరో వేసి వెళ్ళారట.

"శాంపిల్ డెస్క్ ఉద్యోగానికి నేను పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సీటులో మనిషి పొద్దున ఆరింటికే ఉండాలని మీరు ఫోన్లో చెప్పారు. మా పాపకు నాలుగేళ్ళు. ఆ వేళకు నేను ఇల్లు కదలలేను. ఈ సంగతి ముందే ఆలోచించకపోవడం నా పొరపాటు. నా కోసం ఆగకుండా ఆ సీటు వేరొకరికి ఇవ్వండి. లక్ష్మి."

సంతకం కింద మిగిలిన సగం పేజీ అంతటికీ, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక ఏటవాలు గీత. కాంతమణి గారే ఉత్తరాన్ని కొట్టేసి ఉంటారనుకుంది లోవలక్ష్మి.

భయం వేయాల్సిన చోట ఆమెకు మొట్టమొదట కలిగింది భయం కాదు. ఉత్తరం బాగుంది అనిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు. కాళ్ళు పట్టుకోవడం లేదు. మొదటి వరుసలోనే విషయం ఉంది. ఆఖరి వరుసలో అవతలివాళ్ళు చెయ్యాల్సిందేమిటో ఉంది. ఇలా రాయాలని తనకు నేర్పింది ఒక్కరే. ఆ ఒక్కరి పేరు మనసులోకి రాగానే కాగితం మీంచి చూపు తిప్పేసుకుంది.

"ఇది నాది కాదు మేడమ్" అంది మళ్ళీ.

"అయితే ఎవరిదమ్మా?"

కాంతమణి చెడ్డ మనిషి కాదు, తొందర మనిషీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమంది. ఆ సీటు ఈ పొద్దునే ఒకాయనకు ఇస్తామని చెప్పేశారట. సోమవారం పొద్దున వచ్చి చేరతాడు. కాగితాల మీద సంతకాలు మాత్రం కాలేదు. నిజానికి ఈమె ఉత్తరమే తనకు ఎక్కువ నచ్చిందని కూడా చెప్పింది. తర్వాత చెప్పిన మాట మాత్రం లోవలక్ష్మి బస్సెక్కాక కూడా చెవిలో వినిపిస్తూనే ఉంది.

"ఆ సీటు పనేమిటో తెలుసుగా. ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళ పేరు మీద పోకుండా చూడటం. అది మారితే ప్రాణం మీదికి వస్తుంది. మీ సొంత కాగితమే మీకు తెలియకుండా మారిపోతే, మిమ్మల్ని నేనెలా కూర్చోబెట్టను? ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలుసుకుని ఒక కాగితం మీద రాసి తీసుకురండి. రేపు సాయంత్రం ఐదింటి దాకా నేనిక్కడే ఉంటాను. నోటి మాట వద్దు, రాసివ్వండి."

రెండో ఉత్తరాన్ని ఫోన్లో ఫొటో తీసుకోనిచ్చింది. కాగితం మాత్రం ఫైల్లోనే ఉంచేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ లోవలక్ష్మి బయటికి చూడలేదు. ఫొటోను వేళ్ళతో సాగదీసి అక్షరం అక్షరం చూసుకుంటూ వచ్చింది. చూసినకొద్దీ ఒక్కటే ముఖం కనిపించింది. మేడ మీద వాటాలో ఉండే రహమాన్ గారి అమ్మాయి ఇల్మా.

ఇల్మా బీకాం చదివింది. రెండేళ్ళుగా తనూ ఉద్యోగాల వేటలోనే ఉంది. వాళ్ళ నాన్న స్టేషన్ దగ్గర సూట్‌కేసులకు జిప్పులూ చక్రాలూ బాగుచేస్తాడు. లోవలక్ష్మి మొదటిసారి రాసుకున్న ఉత్తరం చదివి ఈ పిల్లే పడీపడీ నవ్వింది. అందులో ఏముందంటే, చదువు ఆగిపోయిన కష్టముంది, ఊరి కష్టముంది, దయచేసి అనే మాట ఆరుసార్లుంది. ఉద్యోగం పేరు మాత్రం ఎక్కడా లేదు. నువ్వు ఫిర్యాదు రాసినవా, పని అడుగుతున్నవా అంది ఇల్మా. నీకు ఏం కావాలో వాళ్ళకెందుకు, వాళ్ళకు ఏం కావాలో అది నీ దగ్గరుందా లేదా చెప్పు అంది.

ఏముంది నా దగ్గర అని లోవలక్ష్మి ఏడుపు ముఖం పెడితే, క్యారేజీల సంగతి బయటికి లాగింది కూడా ఇల్మానే. మూడేళ్ళపాటు ఇరవై రెండు ఇళ్ళ నుంచి పిల్లల మధ్యాహ్నం క్యారేజీలు తీసుకుని బడికి చేరవేసింది లోవలక్ష్మి. అన్నీ ఒకేలాంటి స్టీలు డబ్బాలు. ఇంటికో రంగు దారం, క్లాసుకో ముడి. కోడికూర తినే పిల్లాడి డబ్బా ఒక్కనాడు కూడా గుడ్డు ముట్టని పిల్ల ముందుకు పోలేదు. ఈ జూన్లో బడివాళ్ళే క్యాంటీన్ పెట్టుకోవడంతో ఆ పని పోయింది గానీ, ఉత్తరం దొరికింది. "ఇరవై రెండు డబ్బాలు, మూడేళ్ళు, ఒక్కటీ మారలేదు. మీ దగ్గర ట్యూబులు కూడా మారనివ్వను." అదీ మొదటి వరుస. మొగుడి పేరు రాయాలా అని అడిగితే, ఉద్యోగం నీకా ఆయనకా అని కొట్టిపారేసింది ఇల్మా. తెలియనిది తెలియదని రాయమంది. కంప్యూటర్ రాదు, పది రోజుల్లో నేర్చుకుంటాను అని రాసింది. పేజీ దాటనివ్వలేదు. ఆ ఉత్తరానికే సోమవారం ఫోనొచ్చింది.

ఆ ఫోనొచ్చిన సంగతి ఎవరెవరికి తెలుసు? ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఇల్మాకు తెలుసు. ఆరింటికల్లా రావాలన్నారని చెబితే "నీకు తక్లీఫ్ అయితది గదక్కా" అన్నది ఇల్మానే. ఏ రోజు ఇంటర్వ్యూ అని రెండుసార్లు అడిగింది కూడా. అప్పుడు ప్రేమ అనుకుంది. ఇప్పుడు ఆ రెండుసార్లూ రెండు ముళ్ళలా గుచ్చుకున్నాయి.

ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా మేడెక్కింది. ఇల్మా వాళ్ళమ్మ జైతున్ బీ కుట్టుమిషను మీద చీరకు ఫాల్ వేస్తోంది. ఉద్యోగం వచ్చిందా బిడ్డా అని నవ్వుతూ అడిగింది. లోవలక్ష్మి ఆమెకు జవాబు చెప్పకుండా ఫోను తీసుకెళ్ళి ఇల్మా ముందు పెట్టింది.

ఇల్మా చదివింది. మళ్ళీ పైకి జరిపి ఇంకోసారి చదివింది.

"మంచిగ రాసిన్రు" అంది. "ఎవరు?"

"నువ్వే చెప్పాలి."

మిషను ఆగిపోయింది. ఇల్మా తల ఎత్తి చూసింది. ఆ చూపులో ముందు నవ్వుంది, వేళాకోళం అనుకుంది కాబోలు. లోవలక్ష్మి ముఖం చూశాక ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

లోవలక్ష్మి ఆగలేదు. ఇలా రాయడం ఈ గల్లీలో ఇంకెవరికొచ్చు అని అడిగింది. తేదీ రెండుసార్లు ఎందుకడిగావంది. బీకాం చదివిన నీకు రాని ఫోను, పదకొండు కూడా గట్టెక్కని దానికొస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా అంది. ఆ మాట అన్నాక నాలుక కరుచుకుందామనిపించింది గానీ అప్పటికే అది గదిలో పడిపోయింది. జైతున్ బీ కత్తెర తీసి పక్కన పెట్టి, కూతురి వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇల్మా గట్టిగా మాట్లాడే పిల్ల. ఈసారి మాత్రం గొంతు తగ్గించింది.

"ఒక మాట అడుగుత లోవక్కా. నీ ఉత్తరం వాపస్ తీసుకుంటే నాకేం వస్తది?"

"నా సీటు ఖాళీ అవుతుంది."

"అయితది. మరి ఆ ఖాళీ జాగల ఎవరు కూసుంటున్నరు? గది అడిగినవా?"

ఒకాయన అన్నారని చెప్పింది లోవలక్ష్మి. అన్నాక తన మాట తనకే వినబడింది. ఒకాయన.

"నేను ఒకాయననా?" అంది ఇల్మా. "సరే, అది ఇడిసిపెట్టు. నీకు కోపం ఉన్నది, నేను పడుత. కానీ ఇది చూడు. సంతకం చూడు. లక్ష్మి అని ఉన్నది. నేను నిన్ను ఎన్నడన్నా లక్ష్మి అని పిలిచిన్నా? క్యారేజీలు ఇచ్చేటోళ్ళు పిలిచిన్రా? నీ టెన్త్ కాయితం మీద ఏమున్నది? నిన్ను లక్ష్మి అనేది ఎవరు?"

లోవలక్ష్మి ఫోను చేతిలోకి తీసుకుని ఆ సంతకం మళ్ళీ చూసింది.

ఆమెను లక్ష్మి అనేది ఒక్క ఇంట్లోనే. అత్తగారి పేరు లోవమ్మ. కొండల మధ్య లోవ అమ్మవారి పేరు తుని చుట్టుపక్కల ఇంటికొకరికైనా ఉంటుంది, అందులో వింతేం లేదు. కానీ కోడలికీ అదే పేరుంటే, ఎప్పుడైనా కోడల్ని కేకలెయ్యాల్సొస్తే పెద్దావిడనే కేకలేసినట్టవుతుందని, పెళ్ళైన తొలి వారంలోనే పేరులోంచి లోవ తీసేశారు. మొగుడు సూరి నోట తల్లి పేరు పెళ్ళాం మీద పలకదు. మావయ్య నోట పెళ్ళాం పేరు కోడలి మీద పలకదు. పలకని పేరు చెయ్యి కూడా రాయదు. అత్తగారు తునిలో చెల్లెలి మనవరాలి పురుడుకు వెళ్ళి మూడు వారాలైంది, పైగా ఆవిడకు అక్షరం రాదు. పూజితకు నాలుగేళ్ళు.

మిగిలింది ఇద్దరు.

కిందికి దిగుతుంటే వెనక నుంచి ఇల్మా పిలవలేదు. జైతున్ బీ మాత్రం గుమ్మం దాకా వచ్చి, జెర నీళ్ళు తాగి పో బిడ్డా అంది. లోవలక్ష్మి తాగలేదు. తాగే ముఖం లేదనుకుంది.

సూరిని అనుమానించడం తేలికే. రెండు నెలలుగా ఆయన తీరే అంత. పార్సిళ్ళ గోడౌన్లో పని. పొద్దున్నే బాక్సు పట్టుకుని వెళ్ళడం, చీకటి పడ్డాక రావడం, గోడౌన్ కబుర్లు అడిగితే రోజూ ఉండేదే అనడం. ఫోను ఎప్పుడూ బోర్లా పెట్టడం. పెళ్ళాం పనికి వెళ్తానంటే వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. కానీ రాత ఆయనది కాదు. సూరి అక్షరాలు ఎటో పరిగెత్తుతున్నట్టుంటాయి. ఎంత గుండ్రంగా రాయబోయినా రెండు వరుసల తర్వాత పరుగు అందుకుంటాయి.

ఇంట్లో ఎవరూ లేరు. మావయ్య దేముడుబాబు పాపను తీసుకురావడానికి బడికి వెళ్ళాడు. లోవలక్ష్మి గదులు వెదకడం మొదలుపెట్టింది. ఏం వెదుకుతోందో తనకే తెలియదు. సూరి చొక్కా జేబులు చూసింది. పరుపు ఎత్తి చూసింది. దొంగలా ఉంది తనకు తానే.

మూడున్నరకు తాతా మనవరాలూ వచ్చారు. పూజిత బ్యాగు విసిరేసి, టీచరు డైరీ చూపించమంది అంటూ తల్లి ఒళ్ళో పడింది. ఎల్‌కేజీ పిల్ల డైరీలో ఏముంటుంది. రోజూ తాతగారే సంతకం పెడతాడు. లోవలక్ష్మి పేజీ తెరిచింది. టీచరు ఎర్ర సిరాతో రాసింది, దయచేసి ఖాళీ పేజీలను కొట్టివేయవద్దు, మేము రాయడానికి చోటు ఉండటం లేదు అని. పైన దేముడుబాబు సంతకం. సంతకం కింద, ఈ మూల నుంచి ఆ మూలకు, ఒక ఏటవాలు గీత.

వెనక్కి తిప్పింది. ముందు వారం. అంతకుముందు వారం. ప్రతి పేజీలోనూ గీత.

ఆయన ఆ గీత ఎక్కడైనా గీస్తాడు. పాలవాడి చీటీ మీద గీస్తాడు, గ్యాసు రసీదు మీద గీస్తాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, టైమ్ ఆఫీసులో, ముప్పై ఏళ్ళు అటెండరుగా చేశాడు. చదువు రాని కళాసీ కూలీలకు సెలవు చీటీలు రాసిపెట్టేవాడు. సంతకం కింద జాగా వదిలితే ఎవడో ఏదో ఇరికిస్తాడు, అందుకని గీత కొట్టాలి అని అక్కడ నేర్చుకున్నాడు. చెయ్యి దానికదే గీసేస్తుంది. అక్షరాలు కోడలివిలా గుండ్రంగా దిద్దగలిగాడు గానీ, ఆ చెయ్యిని ఆపుకోలేకపోయాడు.

నమ్మడం కష్టమైంది. ఈ ఇంట్లో ఆమెకు కాస్త చల్లటి మనిషంటే ఆయనే. ఇల్మా ఉత్తరం నేర్పిన నాలుగు సాయంత్రాలూ ఆయన పక్క మంచం మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఇల్మా ఏదైనా తమాషాగా చెబితే పేపరు వెనక నుంచి నవ్వేవాడు. మొదటి ఉత్తరం పోస్టులో పోతే ఆలస్యమవుతుందని, తన పాసు మీద బస్సెక్కి వెళ్ళి సెంటర్లో స్వయంగా ఇచ్చి వచ్చింది కూడా ఆయనే. అంటే దారి కూడా తెలుసు. పెట్టె ఎక్కడుందో కూడా తెలుసు.

పాపకు బిస్కెట్లిచ్చి ముందు గదిలో బొమ్మల దగ్గర కూర్చోబెట్టింది. డైరీ, ఫోను తీసుకొచ్చి మావయ్య మంచం మీద పక్కపక్కన పెట్టింది, పొద్దున కాంతమణి పెట్టినట్టే.

దేముడుబాబు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. కళ్ళజోడు తీసి లుంగీ కొసతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"నానే రాసేనమ్మా" అన్నాడు.

అరుస్తాననుకుంది లోవలక్ష్మి. ఎందుకని మాత్రం అడిగింది.

ఆయన పాప పేరు చెప్పాడు. ఆరింటికి తల్లి వెళ్ళిపోతే పిల్ల లేచి ఎవర్ని చూస్తుందన్నాడు. అత్త ఊళ్ళో లేదన్నాడు. తనకు మోకాళ్ళన్నాడు. చెబుతున్నంతసేపూ డైరీ మూసి తెరుస్తూ, మూసి తెరుస్తూ ఉన్నాడు. నిన్నటి దాకా పాపను నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు అన్న మనిషి. ఆ మాట ఇదే మంచం మీద కూర్చుని అన్నాడు. లోవలక్ష్మి వింటూ ఉంది గానీ నమ్మకం కుదరలేదు. ఉత్తరంలో రాసిన కారణమే మళ్ళీ నోటితో చదువుతున్నట్టుంది. మేడ మీద ఇల్మా అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఆ సీట్లో సోమవారం చేరేది ఒకాయనట. ఎవరో మీకు తెలుసా మావయ్యా?"

డైరీ తెరిచిన చేయి తెరిచినట్టే ఆగిపోయింది.

"మీకు తెలుసు" అంది.

"గట్టిగా అనకమ్మా. పిల్ల ఇంటాది."

"ఎవరు?"

ఆయన గోడకేసి చూస్తూ చెప్పాడు.

"మన సూరే."

లోవలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో తెలియదు. సూరికి ఉద్యోగం ఉంది కదా, గోడౌన్ ఉంది కదా అంది. గోడౌన్ ఎత్తేసి రెండు నెలలైందని చెప్పాడు దేముడుబాబు. శంషాబాద్ అవతలికి మార్చేశారట, పాతవాళ్ళలో నలుగుర్నే తీసుకెళ్ళారట. ఆ నలుగుర్లో సూరి లేడు.

"మరి రోజూ బాక్సు..."

"స్టేషన్‌కి ఎల్తన్నాడమ్మా. ఓ రోజు పెన్షన్ పనిమీద ఎల్లి నాను చూసేను. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద బెంచీ. నువ్వు కట్టిన బాక్సు ఇప్పుకుని తింటన్నాడు. బండి కోసం కూకున్నోడిలాగ." దేముడుబాబు చేతిలోని కళ్ళజోడు మంచం మీద పెట్టాడు. "నన్ను చూసి దండం ఎట్టేడు. లక్ష్మికి సెప్పొద్దు నాన్నా అన్నాడు. నాలుగు సోట్ల అడిగేడు. ఎక్కడా అవలేదు. ఈ సెంటర్ వోళ్ళే రమ్మన్నారు. సీటొక్కటే ఉందన్నారు, ముందు వరసలో వేరే మనిషుందన్నారు. ఆ మనిషివి నువ్వు. నానేటి సెయ్యనమ్మా?"

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే నువ్వు ఒగ్గేస్తావు. ఒగ్గేసి ఆడికేసి చూస్తావు. ఆ చూపు ఆడు తట్టుకోనేడు. మగోడమ్మా, పెళ్ళాం దయ తిని తల ఎత్తుకోనేడు."

"నాకూ తలుంది మావయ్యా."

ఆయన డైరీ మూసి పక్కన పెట్టాడు. ముందు గదిలో పూజిత బొమ్మకు అన్నం పెడుతూ ఏదో పాడుకుంటోంది. లోవలక్ష్మి మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఇల్మాను తాను ఏమేం అన్నదో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. రెండు నెలలపాటు పొద్దున్నే లేచి కట్టిన బాక్సులు గుర్తొస్తున్నాయి. పచ్చడి ఎక్కువైందని ఒకరోజు ఆయన అంటే, గోడౌన్లో అందరికీ పెట్టండి మరి అంది తాను. ఆయన సరేనన్నాడు కూడా.

"నేనక్కడికి వెళ్తున్నానని ఆయనకు తెలుసా?"

"పనికి ఎల్తావని తెలుసు. ఆ సీటు నీదని తెలీదు. అమ్మోరి తోడు, నాను సెప్పలేదు. ఆడూ నన్నడగలేదు."

లోవలక్ష్మి కాంతమణి అడిగినది చెప్పింది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో కాగితం మీద పెట్టాలి. రేపు ఐదింటిలోగా. పెడితే సీటు తనది. పెట్టకపోతే సోమవారం ఆయన చేరతాడు.

దేముడుబాబు లేచాడు. మోకాళ్ళు పట్టేసినా లేచాడు. గూట్లోంచి గీతల కాగితం ఒకటి తీసి, కలం దాని మీద పెట్టి, కోడలి ముందుకు జరిపాడు.

"నా పేరే రాయి. తప్పు నాది. కింద నానే సంతకం ఎడతాను. ఆడి పేరు మాత్రం రానీకమ్మా."

బయట చెప్పులు విప్పిన చప్పుడైంది. ఇంకా ఐదు కాలేదు. ఈ వేళప్పుడు సూరి ఎప్పుడూ రాడు. నాన్నా అని పూజిత పరిగెత్తింది. సూరి పిల్లను భుజానికెత్తుకుని లోపలికొచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది, ముఖంలో రెండు నెలలుగా లేని వెలుగుంది. ఒక మంచి కబురు చెప్పాలి లక్ష్మీ అంటూ వచ్చినవాడు, తండ్రి ముఖం చూశాడు, మంచం మీది ఫోను చూశాడు, ఖాళీ కాగితం చూశాడు. పిల్లను కిందికి దించాడు.

లోవలక్ష్మి తిట్టలేదు, ఏడవలేదు. సోమవారం పొద్దున ఆరింటికి ఎక్కడ చేరుతున్నారని మాత్రం అడిగింది.

సూరి పొట్లం బల్ల మీద పెట్టాడు. తండ్రి వైపు చూడబోయి మానేశాడు.

"సెప్పు నాయినా" అన్నాడు దేముడుబాబు. "దానికి అన్నీ సెప్పేసేను. ఆ సీటు దానిదని నీకు తెలీదని కూడా సెప్పేను."

సూరి అప్పుడు తల ఎత్తాడు. తండ్రి తన తరఫున అమ్మవారి మీద ఒట్టేశాడని అతనికి తెలియదు. తెలిసుంటే ఆ మాట అనేవాడు కాదేమో.

"తెలుసు నాన్నా" అన్నాడు. "దాని ఉత్తరం నువ్వు తీసుకెళ్ళే ముందు రోజు నేను చదివాను. బాగుంది. నేనెన్ని రాసినా అలా రావట్లేదు." భార్య కళ్ళలోకి చూడలేక కాగితం కేసి చూస్తూ ముగించాడు. "క్యారేజీలు తీసేసి పార్సిళ్ళు పెట్టుకున్నాను లక్ష్మీ. మిగతాదంతా నీదే."

దేముడుబాబు కొడుకు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

లోవలక్ష్మి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. మిఠాయి పొట్లం పక్కకు జరిపి కాగితం సరిచేసుకుంది. కాంతమణి మేడమ్ గారికి అని రాసింది. దాని కింది వరుసలో, అడిగిన జవాబు రాయాల్సిన చోట, ఒక పేరు మొదలుపెట్టింది. దేముడుబాబు కళ్ళజోడు వెదుక్కుని పెట్టుకుని, మెడ చాచి చూశాడు.

అది ఆయన పేరు కాదు, సూరిది.